ఓపెన్ సోర్స్ టూల్స్‌ను పోల్చి ఎంచుకోవడం ఎలా: నల్లగొండ, పాలమూరు డెవలపర్ల కోసం సమగ్ర మార్గదర్శి

కొత్త పని మొదలుపెట్టిన ప్రతిసారీ అవే ప్రశ్నలు. డేటాబేస్ ఏది వాడాలి, ఫ్రేమ్‌వర్క్ ఏది, ఎడిటర్ ఏది, కోడ్ ఎక్కడ దాచాలి? నెట్‌లో వెతికితే ఓపెన్ సోర్స్ టూల్స్‌ను, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచినవాటిని, పోలుస్తూ టిక్కులు, ఇంటూలు పెట్టిన పట్టికలు కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో చాలావరకు పెద్ద కంపెనీలను, రాత్రీపగలూ సర్వర్లు చూసుకునే మనుషులున్న టీమ్‌లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. 2023లో నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు వచ్చాయి. మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల్లో చదువుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఇక్కడి మిల్లులకో, దుకాణాలకో ప్రోగ్రాం రాయాలనుకుంటే ఆ పట్టికలు పెద్దగా అక్కరకు రావు.

చిన్న టీమ్ ముందుగా అడగాల్సిన ప్రశ్నలు నా లెక్కలో రెండే. ఇది పాడైతే బాగుచేసేవాళ్లు ఎవరు? రేపు దీన్ని వదిలేయాల్సి వస్తే మన డేటా చెక్కుచెదరకుండా బయటికి వస్తుందా? ఫీచర్ల లెక్క ఆ తర్వాతే. ఈ మార్గదర్శి మొత్తం ఆ రెండు ప్రశ్నలకు మీ చేతులతో మీరే జవాబు రాబట్టుకోవడం గురించే.

గాల్లో మాటలు కాకుండా ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు కాంటా చీటీల ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. దానికి డేటాబేస్ ఎంచుకోవాలి. ఇదే పద్ధతి ఫ్రేమ్‌వర్క్‌కైనా, లైబ్రరీకైనా, ఎడిటర్‌కైనా పనికొస్తుంది.

1. ముందు పనిని కాగితం మీద పెట్టండి

టూల్స్ పేర్లు ఒక్కటి కూడా రాయకుండా, పని ఏమిటో ఒక్క పేజీలో రాయండి. మిల్లు గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకుని రాస్తే ఇంకా మంచిది. మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది. కాంటా గదిలో ఒక కంప్యూటర్, ఆఫీసులో ఇంకొకటి. రెండిటి నుంచీ ఒకే సమయంలో నమోదు చేస్తారు. ఒక్కో బండికి రెండు తూకాలు, లోడుతో ఒకటి, ఖాళీగా ఒకటి. చీటీ మీద బండి నంబరు, రైతు పేరు, ఊరు, బస్తాలు, తేమ శాతం, నికర తూకం ఉండాలి. వానాకాలం కోతల్లో, యాసంగి కోతల్లో బండ్లు వరుస కడతాయి. మధ్యలో నెలల తరబడి పని తక్కువ. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇంటర్నెట్ లేకున్నా కాంటా ఆగకూడదు. రాత్రిపూట ఏదైనా ఆగితే చూసుకునేది ఒక్కరే, అది మీరే.

ఇప్పుడు ఆ పేజీలోంచి రెండు జాబితాలు తీయండి. లేకపోతే అసలు కుదరనివి ఒక జాబితా, ఉంటే మంచివి ఇంకొకటి. మొదటి జాబితా అయిదు దాటిందంటే మీరు గట్టిగా ఆలోచించలేదన్నమాట. మిల్లు విషయంలో నేనైతే ఇవి రాస్తాను: ప్రింటయిన చీటీ కరెంటు పోయినా డేటాబేస్‌లో ఉండి తీరాలి, రెండు కంప్యూటర్ల నుంచి పనిచేయాలి, తెలుగు పేర్లు ఉన్నవి ఉన్నట్టుగా దాచి, వెతికి, అచ్చువేయగలగాలి, ఇంటర్నెట్ లేకుండా నడవాలి, మరో మిల్లుకు కూడా ఇన్‌స్టాల్ చేసి అమ్ముకోవడానికి లైసెన్స్ అడ్డురాకూడదు.

2. పోటీలో మూడింటినే ఉంచండి

పది టూల్స్‌ను పైపైన చూడటం కంటే మూడింటిని లోతుగా చూడటం మేలు. పేర్ల కోసం కోడ్ దాచే సైట్ గిట్‌హబ్‌లో ఈ వారం ఎక్కువమంది చూసినవాటి జాబితాకు వెళ్లకండి. లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటుల ప్యాకేజీ జాబితాల్లో చూడండి. అక్కడ ఉందంటే ప్రాజెక్టుతో సంబంధం లేని మరో మనిషి దాన్ని బిల్డ్ చేసి (సోర్స్ నుంచి నడిచే ప్రోగ్రాంగా మార్చి), లైసెన్స్ చూసి ప్యాకేజీగా కట్టాడని అర్థం. ఇప్పుడు వాడుతున్న పద్ధతిని కూడా పోటీలో ఉంచండి. మిల్లులో స్ప్రెడ్‌షీట్‌తో పని జరిగిపోతుంటే, దాన్ని మార్చడానికి కారణం ఏమిటో మీరు చెప్పగలగాలి.

మన మూడు పేర్లు ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మారియాడీబీ. డాక్యుమెంటేషన్ చదివితేనే మొదటి జల్లెడ పడుతుంది. ఎస్‌క్యూలైట్‌లో డేటాబేస్ మొత్తం ఒక్క ఫైల్, ఒక సమయంలో రాసేది ఒక్కరే. నెట్‌వర్క్‌లో షేర్ చేసిన ఫోల్డర్లో ఆ ఫైల్ పెట్టి రెండు కంప్యూటర్ల నుంచి తెరవడం ప్రమాదమని వాళ్ల డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది, ఎందుకంటే నెట్‌వర్క్ ఫోల్డర్లలో ఫైల్ లాకింగ్, అంటే ఒకరు రాస్తుండగా ఇంకొకరిని ఆపడం, సరిగా పనిచేస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి షేర్డ్ ఫోల్డర్ పద్ధతి ఇక్కడే పక్కకు పోయింది. అయితే ఒక కంప్యూటర్లో మన సర్వర్ ప్రోగ్రాం నడుస్తూ, ఫైల్‌ను అది మాత్రమే ముట్టుకుంటే ఎస్‌క్యూలైట్ పోటీలోనే ఉంటుంది. ప్రాజెక్టు తన పరిమితులను తానే స్పష్టంగా చెప్పుకోవడం నా దృష్టిలో పెద్ద మార్కు. అన్నీ మాతో అవుతాయని చెప్పే రీడ్‌మీ (పరిచయ ఫైల్) కంటే, ఇది మాతో కాదని చెప్పే పేజీ నమ్మదగినది.

3. లైసెన్స్ ఫైల్ మీరే తెరిచి చదవండి

రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) పక్కన కనిపించే చిన్న లేబుల్ చూసి వదిలేయకండి. ఫైల్ తెరవండి. అసలు లైసెన్స్ ఫైలే లేకపోతే ఆ కోడ్ బహిరంగంగా కనిపిస్తున్నా వాడుకునే హక్కు మీకు రానట్టే. అక్కడితో ఆపేయండి.

ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0 లైసెన్సులు కాపీరైట్ నోటీసు ఉంచమని అడిగి, మిగతా విషయంలో చాలా స్వేచ్ఛనిస్తాయి. అపాచీలో పేటెంట్ల గురించి కూడా స్పష్టమైన మాట ఉంటుంది. జీపీఎల్ కోడ్‌ను మీ ప్రోగ్రాంలో కలిపి కస్టమర్‌కు ఇస్తే, సోర్స్ కూడా వాళ్లకు అందుబాటులో ఉంచాలి. ఏజీపీఎల్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: కోడ్‌ను మార్చి నెట్‌వర్క్ మీద సేవగా నడిపినా, వాడుకునేవాళ్లకు సోర్స్ ఇవ్వాల్సిందే. మిల్లులో ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసి రావడం పంపిణీ కిందికే వస్తుంది. మన మూడింటిలో ఎస్‌క్యూలైట్ పబ్లిక్ డొమైన్, అంటే హక్కులు వదిలేసి అందరికీ ఇచ్చేసినది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ది ఎంఐటీని పోలిన సొంత లైసెన్స్. మారియాడీబీ సర్వర్ జీపీఎల్ రెండో వెర్షన్, మన ప్రోగ్రాం దాంతో మాట్లాడే సీ కనెక్టర్ ఎల్‌జీపీఎల్, అది వాడుకున్నంత మాత్రాన మన ప్రోగ్రాం సోర్స్ ఇవ్వమని అడగదు. ముగ్గురూ ఈ మెట్టు దాటారు.

లైసెన్స్ ఈరోజు ఏమిటన్నదే కాదు, రేపు మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి. ఈ పాఠం గత కొన్నేళ్లలో బాగా వాడుకలో ఉన్న టూల్స్ విషయంలోనే చాలాసార్లు ఎదురైంది. మోంగోడీబీ 2018లో, సేవగా అమ్మేవాళ్లకు గట్టి షరతులు పెట్టే ఎస్‌ఎస్‌పీఎల్‌కు మారింది. ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో లైసెన్స్ మార్చుకుంది, 2024లో ఏజీపీఎల్‌ను కూడా చేర్చింది. టెర్రాఫామ్ 2023 ఆగస్టులో, పోటీ వ్యాపారాల వాడకానికి హద్దులు పెట్టే బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కు వెళ్లింది. రెడిస్ 2024 మార్చిలో బీఎస్‌డీని వదిలి, 2025లో ఏజీపీఎల్‌ను ఒక ఎంపికగా తెచ్చింది. వీటిలో ప్రతిదాని మీదా ఏదో ఒక్క కంపెనీ పెత్తనమే ఉంది. అందుకే కోడ్ పంపేవాళ్లతో (కాంట్రిబ్యూటర్లతో) సంతకం చేయించుకునే ఒప్పందం ఉందా, ట్రేడ్‌మార్క్ ఎవరిది, ప్రాజెక్టు ఏదైనా ఫౌండేషన్ కింద ఉందా అన్నవి రాసుకోండి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. నా మొగ్గు అటు పడటానికి ఇది పెద్ద కారణం.

ఒక ధైర్యం మాత్రం ఉంది. పాత లైసెన్స్ కింద విడుదలైన వెర్షన్ ఆ లైసెన్స్ కిందే ఉండిపోతుంది. వెనక్కి లాక్కోలేరు. రెడిస్ 7.2.4 నుంచి వాల్కీ, టెర్రాఫామ్ పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు పుట్టింది అలాగే.

4. ప్రాజెక్టు ప్రాణం ఎవరి చేతుల్లో ఉంది

గిట్‌హబ్‌లో మెచ్చినవాళ్లు నొక్కే స్టార్‌ల సంఖ్యను నేను అసలు లెక్కలోకి తీసుకోను. అవి డబ్బుకు కూడా దొరుకుతాయి, పైగా ఒకసారి నొక్కినవాళ్లు మళ్లీ వెనక్కి తీసుకోవడం అరుదు. డౌన్‌లోడ్‌లు కూడా మోసం చేస్తాయి. జావాస్క్రిప్ట్‌లో తేదీల కోసం వాడే మొమెంట్ లైబ్రరీని 2020లోనే దాని నిర్వాహకులు కొత్త ప్రాజెక్టులకు వాడొద్దన్నారు. అయినా పాత ప్రోగ్రాంలన్నీ దాన్ని లాగుతూనే ఉన్నాయి కనుక డౌన్‌లోడ్‌లు లక్షల్లో నడుస్తూనే వచ్చాయి.

చూడాల్సినవి వేరు. రిపాజిటరీని మీ కంప్యూటర్లోకి క్లోన్ (పూర్తి కాపీ) చేసుకుని, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోని షార్ట్‌లాగ్ కమాండ్‌తో గత ఏడాదిలో ఎవరెవరు ఎన్ని కమిట్‌లు (నమోదైన మార్పులు) చేశారో తీయండి. ఒక్కరి పేరు మీదే దాదాపు అంతా ఉంటే, ఆ ఒక్కరికి జ్వరమొస్తే ప్రాజెక్టుకూ వచ్చినట్టే. తర్వాత ఏ వెర్షన్లో ఏం మారిందో రాసే చేంజ్‌లాగ్ తెరవండి. విడుదలలు ఒక లెక్క ప్రకారం వస్తున్నాయా, పాత వెర్షన్లకు కూడా సెక్యూరిటీ సవరణలు వస్తున్నాయా? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దాదాపు ఏడాదికొక పెద్ద వెర్షన్ తెస్తుంది, ఒక్కోదానికి అయిదేళ్ల మద్దతు ఇస్తుంది. మిల్లు యజమానికి మీరు మాటివ్వాలంటే ఇలాంటి లెక్క మీ చేతిలో ఉండాలి.

ఆ తర్వాత మూసేసిన ఇష్యూలను, అంటే వాడేవాళ్లు పంపిన లోపాలు, ప్రశ్నలను, చదవండి. తెరిచి ఉన్నవి ఎన్ని అన్నది కాదు, మూసినవి ఎలా మూశారన్నది ముఖ్యం. తెలియనివాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబిచ్చిన తీరు, తప్పు ఒప్పుకుని సరిచేసిన వేగం, వద్దన్నప్పుడు కారణం చెప్పిన పద్ధతి చూస్తే ఆ ఇంటి మనుషులెలాంటివాళ్లో తెలిసిపోతుంది. ఇరవై ఇష్యూలు ఓపిగ్గా చదివితే చాలు.

తక్కువ కమిట్‌లు ఉంటే చనిపోయిందనుకోవద్దు. చిన్న లైబ్రరీ తన పని పూర్తి చేసుకుని నిలకడగా ఉండొచ్చు. ఎస్‌క్యూలైట్‌నే చూడండి: 2000లో మొదలైంది, చేసేది కొద్దిమంది, బయటివాళ్ల కోడ్‌ను సాధారణంగా తీసుకోరు. మామూలు కొలతలతో చూస్తే ప్రమాదకరంగా కనిపిస్తుంది. కానీ దాని ఫైల్ ఫార్మాట్ 2004లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి పాతవాటిని చదవగలిగేలా కొనసాగుతోంది, 2050 దాకా మద్దతిచ్చే ఉద్దేశం ఉందని వాళ్లు రాసి పెట్టారు, టెస్టింగ్ అత్యంత కఠినంగా ఉంటుంది. అంకెను ఒంటరిగా చూడకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక ఎక్స్‌జెడ్ సంగతి ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. ఫైళ్లను కుదించే ఆ చిన్న లైబ్రరీని చాలాకాలం ఒక్క మనిషి ఖాళీ సమయంలో చూసుకున్నాడు. మారుపేరుతో వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, నిర్వహణ బాధ్యత పొంది, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో దాన్ని పట్టుకున్నది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్. రిమోట్ లాగిన్‌కు మామూలు కంటే అరసెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకని తవ్వుకుంటూ పోయాడు. దొంగదారిని నడిపించే ముక్క గిట్‌లో కనిపించే కోడ్‌లో లేదు, విడుదల చేసిన ఆర్కైవ్‌లో మాత్రమే ఉంది. కాబట్టి ప్రాజెక్టు విడుదల ఫైళ్లు ఎలా తయారవుతున్నాయి, సంతకాలు ఉన్నాయా, నిర్వాహకులకు జీతమిచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని కూడా చూడండి. ఓపెన్ఎస్ఎస్ఎఫ్ స్కోర్‌కార్డ్ అనే టూల్ ఇలాంటి కొన్ని విషయాలు తనిఖీ చేసి 0 నుంచి 10 వరకు మార్కు ఇస్తుంది. మార్కు కంటే ఏ తనిఖీలో ఎందుకు తగ్గిందో చదవడం ఉపయోగం.

మీరు ఎంచుకున్న లైబ్రరీ తనతోపాటు ఎన్ని ఇతర లైబ్రరీలను తెస్తుందో కూడా లెక్కపెట్టండి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని రచయిత తొలగిస్తే, ప్రపంచమంతా ఎందరో బిల్డ్‌లు ఆగిపోయి కూర్చున్నారు.

5. మన పేర్లతో, మన కరెంటుతో పరీక్షించండి

ఇది అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు. ఇంతవరకు చదివినదంతా వేరేవాళ్లు చెప్పినది, ఇది మీ కళ్లతో మీరు చూసేది.

మొదట ఒక పరీక్ష ఫైల్ తయారుచేసుకోండి. తయారుగా దొరికే నమూనా డేటా వద్దు, మిల్లు గేటు దగ్గర నిజంగా కనిపించేదే పెట్టండి. బండి నంబర్లు తీసుకోండి. నల్లగొండ బండ్లకు ఒకప్పుడు ఏపీ 24, తెలంగాణ వచ్చాక టీఎస్ 05, 2024 మార్చి నుంచి కొత్తవాటికి టీజీ 05. మూడు రకాలూ ఒకే వరుసలో నిలబడతాయి. బండి నంబరు సరిచూసే లైబ్రరీ ఏదైనా వాడబోతుంటే ఈ మూడింటినీ ఒప్పుకుంటుందో లేదో చూడండి. జిల్లాల జాబితా ఇచ్చే ప్యాకేజీకీ ఇదే పరీక్ష. 2014లో పది జిల్లాలు, 2016 అక్టోబరులో 31, నారాయణపేట, ములుగు వచ్చాక 2019 నుంచి 33. ప్యాకేజీలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, దాన్ని చివరిసారి ఎవరైనా ఎప్పుడు పట్టించుకున్నారో తెలిసిపోతుంది.

పేర్ల విషయానికొద్దాం. లక్ష్మి, కృష్ణయ్య, స్త్రీనిధి, క్షేత్రం వంటి ఒత్తులున్న మాటలు, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వంటి ఊళ్లు ఫైల్‌లో ఉండాలి. మహబూబ్‌నగర్‌లో పొల్లు బకారం తర్వాత, నకారానికి ముందు కంటికి కనిపించని ఒక కోడ్ ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే న అక్షరం బ కింద ఒత్తుగా దిగి మహబూబ్నగర్ అవుతుంది. కొందరి కీబోర్డులో అది పడుతుంది, కొందరి దాంట్లో పడదు. డేటాబేస్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ఊళ్లు. ఎస్‌క్యూలైట్ మామూలుగా బైట్ల వారీగా పోలుస్తుంది కాబట్టి ఒకటి వెతికితే రెండోది దొరకదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కూడా మామూలు సెట్టింగుల్లో అంతే. కాకపోతే 12వ వెర్షన్ నుంచి యూనికోడ్ పనులు చూసే ఐసీయూ లైబ్రరీ ఆధారంగా, ఇలాంటి కనిపించని కోడ్‌లను వదిలేసి సమానంగా చూసే కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరుసపెట్టే నియమం) తయారుచేసుకోవచ్చు. మారియాడీబీలో మీరు ఎంచుకున్న కొలేషన్‌తో ఏమవుతుందో ఇదే జంటతో చూడండి.

వరుసక్రమం కూడా చూడండి. యూనికోడ్‌లో ళ అక్షరం ల పక్కనే, వ కంటే ముందు ఉంటుంది. మనం బడిలో నేర్చుకున్న వర్ణమాలలో అది హ తర్వాత వస్తుంది. రైతుల జాబితా అక్షరక్రమంలో అడిగితే టూల్ ఏ వరుస ఇస్తుందో గుమాస్తాకు చూపించి, అది పనికొస్తుందో లేదో ఆయన్నే అడగండి. పొడవు లెక్క మరో చిక్కు. క్షే అన్నది చదివేవాళ్లకు ఒకే అక్షరం. కంప్యూటర్‌కు నాలుగు కోడ్‌లు, యూటీఎఫ్-8లో పన్నెండు బైట్లు. పేరుకు ముప్పై అక్షరాల హద్దు పెట్టే ఫారం లైబ్రరీ ఏది లెక్కపెడుతోందో కనుక్కోకపోతే, పొడుగు పేరు మధ్యలో తెగిపోతుంది.

ఆ పేర్లను పీడీఎఫ్‌గా తీయండి. తెలుగు అక్షరాలు సరిగా కూర్చాలంటే హార్ఫ్‌బజ్ వంటి షేపింగ్ ఇంజిన్ కావాలి. అది లేని పీడీఎఫ్ లైబ్రరీల్లో ఒత్తులు పక్కకు జరిగి, గుణింతాలు విడిపోతాయి. వీజీప్రింట్ లాంటిది హార్ఫ్‌బజ్‌ను వాడుకునే పాంగో మీద ఆధారపడుతుంది కాబట్టి తెలుగు బాగా వస్తుంది. చీటీ ప్రింటర్ చిన్న థర్మల్ ప్రింటరైతే, అలాంటి చాలావాటిలో తెలుగు ఫాంటే ఉండదు. చీటీని బొమ్మగా మార్చి పంపాల్సి ఉంటుంది. మీ ప్రింటింగ్ లైబ్రరీ ఆ పని చేస్తుందా? తర్వాత సీఎస్‌వీగా ఎగుమతి చేసి ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరవండి. ఫైల్ మొదట్లో యూటీఎఫ్-8 గుర్తు లేకపోతే తెలుగంతా పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. మిల్లు ఆడిటర్ ఫోన్ చేసేది సరిగ్గా దీని గురించే.

ఇప్పుడు కరెంటు పరీక్ష. దీనికి మిల్లులో నడుస్తున్న కంప్యూటర్ వాడకూడదు. బ్యాటరీ లేని, యూపీఎస్‌కు తగిలించని ఒక పాత డెస్క్‌టాప్ తీసుకోండి. చిన్న ప్రోగ్రాం రాయండి: 1, 2, 3 అని నంబర్లు వేస్తూ చీటీలను ఒక్కొక్కటిగా డేటాబేస్‌లో పెట్టాలి, డేటాబేస్ సరే అన్న వెంటనే ఆ నంబరును నెట్‌వర్క్ మీద ఇంకో కంప్యూటర్‌కు పంపి అక్కడ తెర మీద చూపించాలి. అది జోరుగా నడుస్తుండగా గోడ దగ్గర స్విచ్ ఆపేయండి. తిరిగి ఆన్ చేసి చూడండి. రెండో తెర మీద ఆఖరుగా కనిపించిన నంబరు డేటాబేస్‌లో ఉండి తీరాలి. లేకపోతే రేపు రైతు చేతిలో చీటీ ఉంటుంది, మన దగ్గర లెక్క ఉండదు. "సార్, రాసిన చీటీ యాడ పోయింది" అని గుమాస్తా అడిగితే ఇచ్చే జవాబు ఏదీ రైతును ఒప్పించదు. ఒక్కసారి చేసి వదిలేయకండి, వేర్వేరు సమయాల్లో మళ్లీ మళ్లీ ఆపి చూడండి.

ఈ పరీక్ష చేస్తేనే వేగం లెక్కల మాయ అర్థమవుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో రాసినది నిజంగా డిస్క్ మీదికి చేరేలా చూసే ఎఫ్‌సింక్, మారియాడీబీలో ఇన్నోడీబీ లాగ్‌ను ప్రతి కమిట్‌కూ (ఇక్కడ కమిట్ అంటే డేటాబేస్‌లో ఒక ఎంట్రీ ఖాయం కావడం) డిస్క్ మీదికి దించే సెట్టింగు, రెండూ మొదటినుంచే ఆన్‌లో ఉంటాయి. వాటిని సడలిస్తే వేగం అమాంతం పెరుగుతుంది, భద్రత అంతే తగ్గుతుంది. ఎస్‌క్యూలైట్‌ను వాల్ మోడ్‌లో (మార్పులను ముందు విడిగా ఒక లాగ్ ఫైల్‌లో రాసే పద్ధతిలో) పెట్టి సింక్రనస్ సెట్టింగును నార్మల్‌కు దించితే ఫైల్ పాడవదు కానీ, కరెంటు పోయినప్పుడు ఆఖరి కొన్ని ఎంట్రీలు పోవచ్చు. ఎక్కడైనా ఒకటి ఇంకోదానికంటే ఎన్నో రెట్లు వేగమని చదివితే, రెండింటినీ ఒకే భద్రత మీద నడిపారా అని చూడండి. ఆ సంగతి రాయని పోలికను పక్కన పెట్టేయండి.

చివరిగా బ్యాకప్. తీసి ఊరుకోవడం కాదు, దాన్ని ఇంకో కంప్యూటర్లో తిరిగి ఎక్కించి, నిన్నటి చీటీ ఒకటి ప్రింట్ చేసి చూపించాలి. ఎస్‌క్యూలైట్ ఒక్క ఫైలే కదా అని రాస్తుండగా కాపీ చేయకండి, దాని సొంత బ్యాకప్ కమాండ్ వాడండి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పీజీ డంప్ ఉంది. ఆ టూల్ తెలియని స్నేహితుడి చేతికి మీరు రాసిన సూచనల కాగితం ఇచ్చి, మీరు మాట్లాడకుండా పక్కన కూర్చోండి. ఆయన ఎక్కడ ఆగిపోతే అక్కడ టూల్ కష్టమో, మీ కాగితం సరిగా లేదో బయటపడుతుంది.

6. ఎడిటర్లు, కోడ్ దాచే చోట్లు

వీటి మీద వాదనలు ఎక్కువ, నష్టం తక్కువ. ఎడిటర్ నచ్చకపోతే వచ్చే వారం మార్చుకోవచ్చు. గిట్‌హబ్ సొంతంగా పెంచిన ఆటమ్ ఎడిటర్‌నే 2022 డిసెంబరులో మూసేశారు, వాడినవాళ్లు వేరేదానికి మారిపోయారు, వాళ్ల కోడ్‌కు ఏమీ కాలేదు. పాత ల్యాప్‌టాప్‌లో మీ అసలు ప్రాజెక్టు తెరిచి, మెమరీ ఎంత తింటుందో, తెలుగు కామెంట్లున్న వరుసలో కర్సర్ సరిగా కదులుతుందో చూసుకుంటే సగం పని అయినట్టే.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. వీఎస్ కోడ్ సోర్స్ ఎంఐటీ లైసెన్స్‌లో ఉంది కానీ మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాలర్ వాళ్ల సొంత లైసెన్స్‌లో ఉంటుంది. అదే సోర్స్ నుంచి స్వేచ్ఛగా బిల్డ్ చేసినది వీఎస్‌కోడియం. అది మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ల దుకాణానికి బదులు ఓపెన్ వీఎస్‌ఎక్స్ వాడుతుంది. మీకు కావాల్సిన ఎక్స్‌టెన్షన్ అక్కడ ఉందో లేదో ముందే చూసుకోండి.

గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, సొంత కంప్యూటర్లో నడిపే ఫోర్జేయో వంటివాటిని పోల్చేటప్పుడు కోడ్ గురించి బెంగ అక్కర్లేదు, గిట్‌లో ప్రతి క్లోన్‌లోనూ చరిత్ర మొత్తం ఉంటుంది. చిక్కుకుపోయేది ఇష్యూలు, చర్చలు, ఆటోమేషన్ స్క్రిప్టులు. వాటిని బయటికి తీసే సౌకర్యమే పోల్చండి.

7. బయటికి వచ్చే దారి

ఎంచుకోకముందే వదిలేయడం ఎలాగో చేసి చూడండి. పరీక్ష డేటాను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నుంచి తీసి మారియాడీబీలోకి, అక్కడినుంచి ఎస్‌క్యూలైట్‌లోకి ఎక్కించండి. ఎక్కడ గుచ్చుకుంటుందో రాసుకోండి. సాధారణంగా తేదీలు, దశాంశాలు, ఆ టూల్‌కు మాత్రమే ఉన్న ప్రత్యేక ఫీచర్ల దగ్గర. ఆ ప్రత్యేక ఫీచర్లను వాడొద్దని అనను, వాడినచోట గుర్తు పెట్టుకోండి.

ఫోర్క్ చేసే, అంటే కోడ్ కాపీ తీసుకుని వేరే ప్రాజెక్టుగా నడిపే, స్వేచ్ఛ ఓపెన్ సోర్స్‌కున్న అసలు బీమా. ఒరాకిల్ కంపెనీ చేతికి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వెళ్తున్న రోజుల్లో, 2009లో, మారియాడీబీ పుట్టింది. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి లిబ్రేఆఫీస్ విడివడింది, చురుకైన పనంతా అటే నడిచింది. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ నుంచి 2014లో విడిపోయిన ఐఓజేఎస్ మరుసటి ఏడాదే తిరిగి కలిసిపోయింది. కానీ ఫోర్క్ బతకాలంటే దాని వెనక మనుషులుండాలి. వాడేవాళ్లు చాలామంది ఉన్న ప్రాజెక్టుకే అలాంటి మనుషులు దొరుకుతారు. అందుకే చిన్న టీమ్ బాగా నలిగిన దారినే పట్టడం మంచిదని నా అభిప్రాయం.

8. నిర్ణయం, దాని కాగితం

మార్కుల పట్టిక వేయండి కానీ కూడికను నమ్ముకోకండి. లేకపోతే కుదరనివి అన్న జాబితాలో ఒక్కటి తప్పినా ఆ టూల్ పోటీలో లేనట్టే. మిగతా అన్నిట్లో నూటికి నూరు వచ్చినా కరెంటు పరీక్షలో చీటీ పోతే ఇక దాని మాట ఎత్తకూడదు.

మిల్లుకు నేనైతే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పెడతాను. రెండు కంప్యూటర్ల పనికి సరిపోతుంది, ఒకే యజమాని లేడు, తెలుగు పోలికలకు ఐసీయూ ఉంది. దాని కష్టం కూడా చెప్పాలి: పెద్ద వెర్షన్ మారినప్పుడు పాత డేటా ఫోల్డర్ నేరుగా తెరుచుకోదు, అప్‌గ్రేడ్ పద్ధతి నేర్చుకుని చేయాలి. ఒకే కంప్యూటర్ ఉన్న ఎరువుల దుకాణానికైతే ఎస్‌క్యూలైట్ చాలు, సర్వర్ బాధ లేకుండా ఏళ్ల తరబడి నడుస్తుంది. మీ టీమ్‌లో మారియాడీబీని చేతి వెనక గీతల్లా ఎరిగిన మనిషి ఉంటే అదే పెట్టండి. రాత్రిపూట మిల్లు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆ అనుభవమే కాపాడుతుంది.

ఎంచుకున్నాక అరపేజీ రాసి కోడ్ పక్కనే ఉంచండి. తేదీ, వెర్షన్, పోటీలో ఉన్నవి, ఏ పరీక్షలో ఏం జరిగింది, ఎందుకు కాదన్నాం, ఏ మార్పు వస్తే మళ్లీ ఆలోచిస్తాం. మద్దతు ముగిసే తేదీ కూడా అందులో ఉండాలి. పైథాన్ 2కు 2020 జనవరి 1న మద్దతు ముగుస్తుందని ఏళ్ల ముందే చెప్పినా, లినక్స్ రకమైన సెంట్‌ఓఎస్ 8ను 2021 చివరికే ఆపేస్తున్నామని ఏడాది ముందే ప్రకటించినా, ఎక్కడా రాసుకోనివాళ్లు చివరిరోజున పరుగులు పెట్టారు. ఆ తేదీకి ఆరు నెలల ముందు గుర్తుచేసేలా ఫోన్‌లో పెట్టుకోండి, యాసంగి కోతల మధ్యలో పడకుండా చూసుకోండి.

9. దొరికిన లోపాన్ని పంపండి

పరీక్షల్లో మీకు తప్పకుండా ఏదో ఒక లోపం దొరుకుతుంది, ముఖ్యంగా తెలుగు దగ్గర. మనమే చెప్పకపోతే దాన్ని చెప్పేవాళ్లు చాలా తక్కువ. ఇష్యూ రాసేటప్పుడు వెర్షన్, ఆపరేటింగ్ సిస్టం, ఒక్క వరుస తెలుగు పాఠ్యం, దాని కోడ్ పాయింట్ల సంఖ్యలు, రావాల్సిన బొమ్మ, వచ్చిన బొమ్మ పక్కపక్కన పెట్టండి. తెలుగు చదవలేని నిర్వాహకుడికి తేడా ఎక్కడుందో బాణం గుర్తుతో చూపించండి. వీలైతే ఆ వరుసనే ఒక టెస్టుగా రాసి పంపండి. రైతుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం అందులో ఒక్కటి కూడా వెళ్లకూడదు. ఊరి పేర్లతోనే మీకు కావాల్సిన ఒత్తులన్నీ దొరుకుతాయి.